చీటీ ఉంటేనే బట్ట

1967 జూలైలో నల్లవాళ్ల పేటల్లో అల్లర్లు రేగి ఊరు తగలబడుతున్న మూడో రోజు మధ్యాహ్నం ఓడెస్సా ప్రూయిట్ ముప్పై ఒక్క జతల బట్టలను పసిపిల్లల తోపుడుబండిలో వేసుకుని ఇంటికి వస్తూ పోలీసులకు దొరికిపోయింది.

"ఏయ్ పిల్లా, ఎక్కడ కొట్టేశావివి?"

"పిల్లా ఏమిటి నాయనా, నాకు యాభై ఒక్కటి. నీ అంత కొడుకున్నాడు. ఇవి లాండ్రీ బట్టలు. నేనక్కడ ఇస్త్రీ చేస్తాను. పక్క కొట్టు అంటుకుంటే తీసుకొచ్చేశా."

"అందరూ ఇదే పాట."

"పాటంటే గుర్తొచ్చింది. ఇవి మా చర్చి పాటగాళ్ల అంగీలు. పదహారు, అన్నీ ఊదారంగే. ఏ దొంగైనా ఇలాంటివి ఎత్తుకెళ్తాడా? చీటీలు చూడు, గుచ్చి ఉన్నాయి."

చీటీలు చదివే ఓపిక ఎవరికుంది? బండితో సహా లాక్కుపోయారు. లాకప్పులు నిండిపోవడంతో ఒక రాత్రంతా పోలీసు బస్సులోనే కూర్చోబెట్టారు.

రోమ్ తగలబడినప్పుడు కూడా పాలకులు ముందు వెతికింది నింద మోసేవాళ్ల కోసమేనట. ఇక్కడా మంటలారగానే పెద్దమనుషుల సంఘాలు కూర్చుని, కారణాల మీద దిండులాంటి పుస్తకాలు అచ్చేశాయి. ఓడెస్సాను అడిగుంటే నాలుగు ముక్కల్లో తేలిపోయేది. ఆమె పాత ఇంటిని కూల్చి, శివార్లలోని తెల్లవాళ్లు ఊళ్లోకి కార్లలో రావడానికి పెద్దరోడ్డు వేశారు. కొత్త పేటలో ఇరుకు గదులకు రెట్టింపు అద్దె. కొడుకు సాయంత్రం గడప మెట్ల మీద కూర్చుంటే చాలు, పోలీసు కారు ఆగి జేబులు వెతికేది. ఇక ఆమె సంగతి. నోవాక్ లాండ్రీ వెనకగదిలో ఇరవై రెండేళ్లు ఆవిరిలో ఉడికింది కానీ గల్లా దగ్గర నిలబడటానికి ఏనాడూ పనికిరాలేదు. "వచ్చేవాళ్లకు అలవాటు లేదు, ఓడెస్సా," అనేవాడు యజమాని. వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది ఆమె చర్చివాళ్లే! గల్లా మీద పెద్దక్షరాల బోర్డు ఉండేది: చీటీ ఉంటేనే బట్ట.

ఆమె తన లాండ్రీలో పనిచేసే మనిషేనని ఆ నోవాక్ ఒక్క మాట చెబితే కేసు పోయేది. పక్కింటి వెర్లీన్ శివారులో ఆయన కూతురింటికి ఫోను చేసింది.

"ఎలా చెప్పనమ్మా? బట్టలన్నీ కాలిపోయాయని బీమావాళ్లకు రాసిచ్చేశాను. ఇప్పుడు కొన్ని మిగిలాయంటే నా గతేం కాను?"

"మీ గతి సరే. దాని గతి?"

ఫోను పెట్టేశాడు. ఆ విధంగా ఆ బట్టలు ఒక కాగితంలో బూడిద, ఇంకో కాగితంలో లూటీ సొత్తు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలుగా బతకడానికి వాటికి ఏ కాగితంలోనూ చోటు లేకపోయింది.

వెర్లీన్ ఇక నోవాక్‌ను వదిలేసి చర్చిలో చాటింపు వేసింది. తొమ్మిదో రోజు కోర్టు హాలులో వెనక బెంచీలు నిండిపోయాయి.

"ఎవరు వీళ్లంతా?" అన్నాడు జడ్జి.

"బట్టలవాళ్లం దొరా," అంటూ ఒక ముసలాయన లేచి చీటీ చూపించాడు. "అరవై ఏడో నంబరు. గోధుమరంగు కోటు. ఎడమ జేబు కింద సిగరెట్టు కాలిన మచ్చ. ఆ సంగతి మా ఆవిడకి తెలీదు, దయచేసి మెల్లగా చదివించండి."

పక్కనే ఉన్న ఆవిడ ఆయన వంక చూసిన చూపుకు జవాను కూడా నవ్వాడు. కోటు తీయించారు. మచ్చ ఉంది. మూడో చీటీ దాకా వచ్చేసరికి జడ్జి విసిగిపోయి కాగితాలు బల్ల మీద పడేశాడు.

"చాలు. కేసు కొట్టేశాను. వెళ్లండి."

"బట్టలో?" అంది ఓడెస్సా.

"అవి సాక్ష్యం. ఇప్పుడే ఇవ్వరు."

"కేసే లేదంటిరి. ఇంక దేనికి సాక్ష్యం?"

జడ్జి సుత్తి టకటకలాడింది. పేరైతే కడిగి ఇచ్చారు, బట్టలు మాత్రం అక్టోబరు దాకా ఇవ్వలేదు. అదీ గోతాల్లో కుక్కి ఇచ్చారు. అప్పటికి వీధిలో లాండ్రీ లేదు, కిరాణా లేదు, మందుల కొట్టు లేదు. పాల సీసాకు రెండు బస్సులు మారాలి. నిప్పు పెట్టినవాళ్లూ, ఆర్పబోయినవాళ్లూ ఒకే బస్సు కోసం చలిలో నిలబడి ఒకరినొకరు గుర్రుగా చూసుకునేవాళ్లు.

నలిగిన బట్ట ఒకరి చేతికివ్వడం ఓడెస్సా వల్ల కాలేదు. గొణుక్కుంటూనే అన్నీ వంటగదిలో మళ్లీ ఇస్త్రీ చేసింది. చీటీలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోయారు. చివరికి చీటీ లేని నల్లసూటు ఒక్కటి మిగిలింది.

నవంబరులో నోవాక్ వచ్చి తలుపు తట్టాడు. సూటు బతికుందని ఎవరో చెప్పారట.

"చీటీ ఏదండీ?"

"నా సూటుకు చీటీ ఏమిటి ఓడెస్సా? నాదని నీకు తెలీదూ?"

"తెలుసు."

"మరి?"

"తెలిసినదాన్ని తెలుసని చెప్పడానికి నాకు క్షణం పట్టలేదు, చూశారా? నేను తెలుసని మీరు ఆ ఒక్క మాట అనలేకపోయారు."

ఆమె లోపలికెళ్లి సూటు తెచ్చిచ్చింది. ప్యాంటు మడత కత్తిలా ఉంది.

"నోవాక్ గారూ," అని మెట్లు దిగుతుంటే పిలిచింది. "బయట తొడుక్కుని తిరగకండి. కాలిపోయిన సూటు కదా అది."

ఆయన అటూ ఇటూ చూసి, సూటును ఉండచుట్టి ఓవర్‌కోటు కింద దోపుకుని కారు వైపు పరుగు తీశాడు.

ఓడెస్సాకు ఒళ్లు మండింది. ఆ మడతకు అరగంట పట్టింది మరి.