తోడి రాగిణి పక్కన కొత్త జింక

యుద్ధం రోజుల్లో నేను చేవెళ్ళ మిషన్ దవాఖానలో నర్సుగా ఉండేదాన్ని. పొద్దుటి పని ముగిశాక ముడిమ్యాలలో ఒక దొరసాని ఇంటికి వెళ్ళి, ఆమెకు ఒళ్ళు తుడిచి, పుండ్లకు కట్లు మార్చేదాన్ని. ఆదివారం మొయినాబాద్‌లో మా ఇంటికి పోతే అక్కడ మంచం పట్టిన అమ్మ. ఎక్కడికి పోయినా చేతిలో తడిగుడ్డే. నడుస్తున్నా నిద్ర వస్తున్నట్టే ఉండేది.

దొరసానికి కళ్ళు పొరలు కమ్మి చూపు పోయింది. కట్లు మార్చాక పెట్టెలోంచి ఒక బొమ్మ తీయించేది. అరచేతికన్నా కాస్త పెద్ద కాగితం, ఆమె మామగారి తాతకు ఎవరో నవాబు ఇచ్చిన పాత దక్కన్ చిత్రం. ఒక్కో రాగాన్ని ఒక్కో మనిషిగా ఊహించి గీసే వరుసలో ఇది తోడి రాగిణి. అడవిలో ఒంటరిగా ఒక స్త్రీ, భుజాన వీణ, పాట విని దగ్గరికి వచ్చిన రెండు జింకలు. దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని ఏమున్నదో నేను చెప్పాలి. రోజూ అదే వీణ, అదే బంగారు అంచు. చెప్పీ చెప్పీ విసుగొచ్చేది. చిన్నపిల్లగా కోడలై వచ్చి, ఘోషాలో, పరాయి మగవాళ్ళకు కనబడకుండా పెరిగిన తనకు ఆ బొమ్మలోని మనిషే తోడని దొరసాని ఒకసారి చెప్పింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు రెండో జింక గురించి అడిగితే, లేదని చెప్పాల్సి వచ్చింది. గడ్డికి వేసిన ఆకుపచ్చ రంగు కాగితాన్ని తినేసింది. జింక ఉన్నచోటు పొడిపొడిగా రాలి చిల్లు పడింది.

ఆమె కొడుకును పిలిచి, పట్నం నుంచి చిత్రకారుణ్ణి రప్పించమంది. కనిపించని బొమ్మకు ఇదంతా ఎందుకని అతను గొణిగాడు.

"నాకు కనవడకుంటేంది? బొమ్మల జింక ఉండాలె గదా," అన్నది.

వచ్చినాయన ముసలివాడు. తాతలు ఇలాంటి బొమ్మలే వేసేవారట. తాను మాత్రం పట్నంలో ఫోటోలకు రంగులద్ది బతుకుతున్నాడు. రాగితో చేసిన ఆ ఆకుపచ్చకు కాగితాన్ని కొరికే గుణం ఉందని చెప్పాడు. వెనక పాత కాగితం ముక్క అతికించి, నున్నటి రాయితో రుద్ది, ఉడుత వెంట్రుకల కుంచె పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. మధ్యమధ్య కుంచె దించి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. నాకూ అలా కూర్చోవాలనిపించేది.

జింక వచ్చింది గానీ, క్యాలెండర్ బొమ్మలా వచ్చింది. పాత జింక కంట్లో బెదురూ ఇష్టమూ కలిసి ఉంటాయి. దీని కన్ను చుక్క పెట్టినట్టుంది. ఆయనకూ తెలుసు. వెళ్తూ వెళ్తూ తెర ఇవతల నిలబడి, "రంగు దొరికింది గని గీత దొరకలేదమ్మా," అని దొరసానికి చెప్పాడు.

ఆయన వెళ్ళాక ఆమె నన్ను అడిగింది, ఎట్లున్నదో చెప్పమని. బాగుందనేస్తే నేను వెళ్ళిపోవచ్చు. కాళ్ళు లాగుతున్నాయి. కానీ ఇన్నాళ్ళూ ఆమె నా మాటతోనే చూసింది.

"జింక ఉన్నది, దొరసానీ. పాతదాని లెక్క లేదు. పాట వినొచ్చినట్టు లేదు, ఊకె నిలవడ్డది."

"నిలవడనీ బిడ్డా. నేను గూడ గీ ఇంట్ల ఊకెనే నిలవడ్డ," అన్నది.

ఆ తర్వాత రోజూ ఆమె అడిగింది కొత్త జింక గురించే. వానలు తగ్గాక దొరసాని కన్నుమూసింది.

మరుసటేడు ఆమె కోడలు తన పిల్లకు జ్వరమని దవాఖానకు వచ్చింది. బొమ్మ పట్నంలో ఒక పెద్దమనిషి కొనుక్కున్నాడని చెప్పింది. కొత్త జింక అసలుది కాదని గీకేయించాడట.

పిల్లకు మందు కలిపి ఇచ్చాను. బయట అరుగు మీద ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.