అంతా పురుగు చేసిందే

టౌన్స్‌విల్‌లో ఎవరింట చేప చచ్చినా బార్నీ పాస్కో చెప్పే కారణం ఒకటే: పురుగు. సముద్రపు రాళ్ళతోపాటు ఉప్పునీటి తొట్టిలోకి దొంగతనంగా వచ్చి, రాతి బొరియలో దాక్కుని, పక్కనుంచి పోయే చేపను కత్తెరలాంటి దవడలతో లోపలికి లాక్కుపోయే పురుగు. అలాంటివి ఉన్నమాట నిజమే. కానీ బార్నీ మాట నమ్మితే ఊళ్ళో మనుషులకన్నా అవే ఎక్కువ.

చేపలు పెంచేవాళ్ళ సంఘానికి అతనే వైద్యుడు. ఒకాయన తొట్టిలో హీటరు పాడై నీళ్ళు పులుసులా కాగాయి. బార్నీ మోకాళ్ళమీద కూర్చుని, టార్చి వేసి చూసి, పురుగు హీటరు తీగ కొరికిందన్నాడు. ఇంకొకావిడ చేప మాయమై, పిల్లి మూతి తడుపుకుని సోఫామీద పడుకుని ఉంటే, నోరులేని జీవాన్ని అనుమానించడం పాపమనీ, ఇది పురుగు పనేననీ తేల్చాడు. సంఘం లాటరీలో బహుమతిగా పెట్టిన మాంసపు సాసేజీల పళ్ళెం మాయమైనప్పుడు కూడా అతని చూపు తొట్టివైపే పోయింది. ఇన్నేళ్ళలో ఒక్కదాన్నైనా పట్టి చూపించవయ్యా అంటే, అది తెలివైందనీ, తనని చూస్తే బయటికి రాదనీ అనేవాడు.

నోర్మా కూడా అందరితోపాటు నవ్వింది, తన నెత్తిమీదికి వచ్చేదాకా.

ఆమె భర్త లెస్ మోకాలి ఆపరేషనుకి ఆసుపత్రిలో చేరుతూ, ప్రాణంగా చూసుకునే పసుపు చేప డచెస్‌ను ఆమెకు అప్పగించాడు. రోజూ ఫోను చేసి ముందు డచెస్ తిన్నదా అని అడిగి, ఆ తరువాతే నువ్వు తిన్నావా అనేవాడు. అతను ఇంటికి రావలసిన రోజు పొద్దున, నోర్మా పచ్చికమీద బంతులు దొర్లించే బౌల్స్ ఆటకు బయల్దేరుతూ ఎండకు మాడిపోకుండా చేతులనిండా సన్‌స్క్రీన్ పులుముకుంది. తొట్టిలో ఒక రాయి ఒరిగి కనిపిస్తే మోచేతిదాకా చెయ్యి ముంచి సర్దింది. ఆడుకుని వచ్చేసరికి నీటిమీద జిడ్డు తెట్టు, అందులో వెల్లకిలా డచెస్.

కబురందుకుని బార్నీ వచ్చాడు. నీళ్ళు వాసన చూశాడు. నిగనిగలాడుతున్న ఆమె చేతులను చూసి చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

"పురుగు," అన్నాడు.

"చేప ఒంటిమీద చిన్న గాటు కూడా లేదు కదా బార్నీ."

"దాని మొహం చూసి గుండాగిపోయింది. పాపం, సున్నితమైన మనిషి."

తప్పు తనదేనన్న మాట నోర్మా గొంతుదాకా వచ్చింది. బార్నీ చెప్పనివ్వలేదు. లెస్‌తో తను మాట్లాడతాననీ, ఆమె నోరు విప్పనక్కర్లేదనీ అంటూ, రుజువు కోసం ఆ రాయిని తీసి బకెట్లో పెట్టి సోడా గుమ్మరించాడు. సోడా తగిలితే లోపల దాక్కున్నది ఊపిరాడక బయటపడాలి. ఈ తంతు ఊళ్ళో అందరూ చూసిందే. బుడగలు తప్ప ఎప్పుడూ ఏమీ వచ్చిన పాపాన పోలేదు.

ఈసారి వచ్చింది. ముందు దవడలు, తరువాత మెడ, తరువాత మళ్ళీ మెడ, ఇంకా మెడ. రంగురంగులుగా మెరుస్తూ నోర్మా చెయ్యంత పొడుగు సాగింది. ఆమె తలెత్తేసరికి బార్నీ కుర్చీమీద నిలబడి ఉన్నాడు.

"ఏంటది?"

"నన్నడుగుతావేంటి? నీ పురుగే కదా."

"నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. పుస్తకంలో బొమ్మ ఇంతే ఉంది," అంటూ చిటికెనవేలు చూపించాడు.

"మరి ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిందో?"

బార్నీ పైనుంచే గొణిగాడు. "తప్పు నీదే అంటే తొట్టి అమ్మేసి కుమిలిపోతూ కూర్చుంటారు. పురుగంటే దాన్ని నాలుగు తిట్టుకుని, ఇంకో చేపను తెచ్చుకుంటారు. దానికేం, తిట్లు వినపడవు కదా."

అంతలో చేతికర్ర టకటకలాడించుకుంటూ లెస్ లోపలికి వచ్చాడు. డచెస్ లేని తొట్టిని చూశాడు. బకెట్లో మెలికలు తిరుగుతున్నదాన్ని చూశాడు. బార్నీ బకెట్‌వైపు వేలు చూపించి, జీవితంలో మొదటిసారి సాక్ష్యంతో సహా, "పురుగురా," అన్నాడు.

"కాదు, నేనే," అంది నోర్మా. "సన్‌స్క్రీన్ చేతులు పెట్టాను."

లెస్ కుంటుకుంటూ తొట్టిదాకా వెళ్ళి నీళ్ళలోకి తొంగి చూశాడు. తరువాత ఆమె భుజంమీద చెయ్యి వేసి, కుర్చీవైపు తిరిగాడు.

"నేను పొరపాటున తొట్టి గాలి పంపు ఆపేసి చేపలన్నిటినీ చంపుకున్నప్పుడు కూడా పురుగే అన్నావు. ప్లగ్గు అప్పటికింకా నా చేతిలోనే ఉంది. నమ్మినట్టు నటించాను కాబట్టే డచెస్ ఈ ఇంటికొచ్చింది." అతనికి నవ్వు ఆగలేదు. "ఇన్నాళ్ళకి నీకో పురుగు దొరికితే, అదీ ఏ పాపం ఎరగనిదా? దిగరా, టీ తాగుదాం."

"ముందు దానిమీద మూత పెట్టండి," అన్నాడు బార్నీ.