కూసానికి కుంకుమ

ఇప్పుడు చూసేవాళ్లకు మా వీధి బండ్లు తిరిగే రోడ్డు. నా చిన్నప్పుడు అది మగ్గానికి ఇంకో గది. ధర్మవరం పట్టుచీరకు కావలసిన నిలువు పోగుల పడుగును పొద్దెక్కకముందే వీధి పొడుగునా సాగదీసి, తెగిన పోగులు అతికి, గంజి పట్టించేవాళ్లు. ఆ కొసన ఒక గుంజ, ఈ కొసన మా గడప ముందు పాతిన రాతి స్తంభం, మా మాటలో కూసం. దానికి తాడు బిగిస్తేనే పడుగు నిలిచేది. తాడు ఒరిసి ఒరిసి కూసం నడుమున వేలు పట్టేంత గాడి పడింది. దాన్ని పాతింది తన మామేనని మా జేజి, అంటే నాయన తల్లి, చెప్పేది.

డెబ్బైల చివర్లో మునిసిపాలిటీ మనుషులు వచ్చి వీధిని గొలుసుతో కొలిచారు. కూసం మీద సున్నంతో గీత గీసి, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోయారు. జేజి కన్ను ఎదురుగా మిద్దె కట్టిన పట్టు వ్యాపారి మీద పడింది.

"ఏమప్పా, నీ ఇంటికాడికి లారీ రావల్లని మా కూసం పీకిస్తాండావా?"

"నాకేం తెలుసవ్వా! తారురోడ్డేస్తారేమో."

"ఏమీ తెలీనోనికి తారని ఎట్ల తెలిసె?"

నాయన దిగులు వేరు. "ఇది పోతే పడుగు యాడ చాపల్ల? ఊరిబయట బీట్లోనా? ఆ గాలికి పోగు నిలుస్తాదా?"

శుక్రవారం పొద్దున జేజి కూసాన్ని కడిగి, పసుపు రాసి, రూపాయంత బొట్టు పెట్టింది. నీళ్లచెంబు పట్టుకున్నది నేనే. "ఎవరడిగినా మా తాతలనాటినుంచీ మొక్కుతాండామని చెప్పు" అంది. చెప్పాను. ఎంతమందికి చెప్పానో!

రోడ్డు మేస్త్రీ వచ్చి, బొట్టు చూసి చెప్పులు విడిచాడు. రోడ్డు కూసం పక్కనుంచి వంపు తిరిగింది. వాళ్లకు మజ్జిగ పోసిందే కానీ, పలుగులు బండెక్కేదాకా జేజి గడప వదల్లేదు.

మర్నాడు నాయన తాడు తెచ్చాడు. అప్పటికే కూసం ముందు కొబ్బరికాయ కొడుతున్నది ఎవరనుకున్నారు? వ్యాపారి భార్య.

"ఏమన్నా, అమ్మవారికి తాడేస్తావా? కండ్లు పోతాయి!"

వీధి ఆడవాళ్లంతా చూస్తున్నారు. నాయన జేజివైపు తిరిగాడు. "చెప్పుమ్మా."

"ఏం చెప్పల్లరా?" అని జేజి తల దించుకుంది. ఉత్త కూసమంటే సాయంత్రానికి పీకేస్తారు. నాయన తాడు భుజాన వేసుకుని బీడువైపు నడిచాడు. ఆ వారం గాలికి తెగిన పోగులు అతకడానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ఆ కొబ్బరికాయ వ్యాపారే పంపించాడని జేజి పోయేదాకా నమ్మింది.

ఎనభైల్లో కూసానికి సిమెంటు గుడి వచ్చింది. వెయ్యేండ్ల అమ్మవారని బడిపిల్లలకు చెబుతున్నారు. జేజి తరవాత కడిగే పని నాది. ఒక శుక్రవారం వ్యాపారి మనవరాలు పక్కన కూర్చుని గాడిలో వేలు పెట్టింది.

"అత్తా, అమ్మవారి నడుముకు ఈ గీతేంది?"

"వడ్డాణం" అన్నాను.

"తాడు గీత మాదిరుండాదే?"

చెంబు కింద పెట్టాను. మిద్దెవైపు చూసి, గొంతు తగ్గించి అడిగాను.

"ఎవరడగమన్నారు నిన్ను?"