అంచుల్లో పెన్సిల్ రాతలు

హొసకోటెలో బట్టలు కుట్టే మునిలక్ష్మి, పాత కాగితాలు కొనే గుజిరీ అంగళ్లలో ఇరవై ఏళ్లుగా పాత మహిళా పత్రికలు ఏరి దాచింది. వంటల పేజీల అంచుల్లో ఎవరెవరో ఇల్లాళ్లు పెన్సిల్‌తో రాసుకున్న మాటలంటే ఆమెకు ప్రాణం. "ఆయనకు నచ్చలేదు. నాకు నచ్చింది" అని ఒకామె రాసుకుంది.

సర్జాపురలో పాత పత్రికల ప్రదర్శన పెడుతున్నానని కౌశల్ అనే ఆయన పన్నెండు సంచికలు అడిగి తీసుకెళ్లాడు. ప్రారంభం రోజు ఆమె వెళ్లి చూస్తే అంచులన్నీ తెల్లగా ఉన్నాయి.

"డర్టీగా ఉంటే రబ్బరుతో క్లీన్ చేయించానండీ," అన్నాడు కౌశల్.

"ఆడోళ్లు రాసుకునింది మురికా అప్పా? అచ్చయింది ఇంకెవురి దగ్గరైనా దొరుకుతాది. ఆ రాతలు ఇంక యాడ దొరుకుతాయి?" ఆమె గొంతు హాలంతా వినబడింది.

అతను క్షమించమన్నా వినకుండా, పన్నెండూ సంచిలో వేసుకుని బస్సెక్కింది. ఇంటికొచ్చి, గుర్తున్న మాటల్ని అవే పేజీల్లో పెన్నుతో రాసింది. గుర్తురానివే ఎక్కువ. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు.