గురమ్మ ఇంటి ఎదురిల్లు

కర్నూలుకు రాజధాని వచ్చిన ఏడే పుల్లయ్య ఇంటికి పైమిద్దె లేచింది. బేతంచెర్ల నుంచి బండ్ల మీద నాపబండలు తెప్పించి, వాకిలికి టేకు తలుపులు పెట్టించి, చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికీ లేని మేడ కట్టించాడు. పుల్లయ్య భార్య నాగలక్ష్మమ్మకు ఆ మేడ మీద ఒకటే ఆశ. ఆ వీధిలో అడుగు పెట్టిన ప్రతివాడూ "నాగలక్ష్మమ్మ మేడ" అనాలి. అంతకంటే ఆమె దేవుడినేమీ కోరలేదు.

ఊరి నోటికి ఆ మాట రాలేదు. వచ్చిన మాట వేరే ఉంది. గురమ్మ ఇంటి ఎదురిల్లు!

బనగానపల్లె నుంచి మామిడికాయల బండి తోలుకొచ్చేవాడిదీ ఆ మాటే, టపా తెచ్చేవాడిదీ ఆ మాటే. ఒకసారి కడప నుంచి నాగలక్ష్మమ్మ తమ్ముడు నాగసుబ్బయ్య చాలా ఏళ్ళకు వచ్చి, ఊరి మొదట్లో పుల్లయ్య ఇల్లు ఎక్కడని అడిగితే, "గురమ్మ ఇంటి ఎదురిల్లే గదప్పా, నేరుగా పో" అన్నారట. ఆ పిచ్చి తమ్ముడు అదేదో వేడుకైనట్టు అన్నం తింటూ చెప్పి నవ్వాడు. వడ్డిస్తున్న నాగలక్ష్మమ్మకు మాత్రం కళ్ళలో కారం కొట్టినట్టయింది.

ఇంతకూ ఆ గురమ్మకు ఏముందని? మొగుడు పోయి ఎన్నో ఏళ్ళయింది. ఉన్న ఒక్క కూతురినీ ఆత్మకూరికిచ్చింది. రెండెకరాల మెట్ట, వాన పడితే కొర్రలు, పడకపోతే గులకరాళ్ళు. మట్టిమిద్దె ఇల్లు, ఒక ఎనుము, దానికొక దూడ. అందగత్తె కాదు, మాటకారి అసలే కాదు. అయినా తెల్లారితే ఆమె వాకిట్లో ఆడవాళ్ళు ముంతలతో బారులు తీరేవాళ్ళు. ఆ సీమలో పాలు అమ్ముకోవచ్చు, నెయ్యి అమ్ముకోవచ్చు గానీ, చల్ల అమ్ముకున్న ఇల్లు నిలవదంటారు. చిలికిన ఇంటివాళ్ళు వెన్న తీసుకుని, చల్ల అడిగినవాళ్ళకు ఊరికే పోయాలి. నాగలక్ష్మమ్మకు మూడు ఎనుములున్నాయి. మూడు ఎనుముల చల్లను వదిలిపెట్టి ఊరంతా ఒక ఎనుము చల్లకు ఎగబడుతుంటే, చూసేవాళ్ళకు ఎట్లా ఉంటుంది? ఎట్లా ఉంటుందో ఆమె కడుపును అడగాలి.

పైమిద్దె మీద నిలబడితే గురమ్మ వాకిలి అరచేతిలో ఉన్నట్టు కనిపించేది. అక్కడి నుంచే నాగలక్ష్మమ్మ ఒక వింత కనిపెట్టింది. పాలు పిండి, చల్ల చిలికాక గురమ్మ దూడ దగ్గరికి పోయేది. అటూ ఇటూ చూసేది. చక్కగా కట్టి ఉన్న పలుపును తన చేత్తోనే విప్పేసేది! దూడ గంతులేస్తుంటే, ముంతతో వచ్చిన మనిషిని చూసి, "అమ్మా, మంచి వేళకొచ్చినావు. ఆ దూడను రవ్వంత కట్టేసి పో తల్లీ" అనేది. ఆ మనిషి కట్టి, ముంత తీసుకుని పోయేది. గురమ్మ మళ్ళీ విప్పేది. మళ్ళీ ఇంకొకరు వచ్చి కట్టేవాళ్ళు.

"ఏమయ్యో, మీ గురమ్మకు మతి చెడింది. కట్టిన దూడను తానే విప్పుతాంది, మళ్ళా కట్టమని లోకాన్ని బతిమాలుతాంది" అని నాగలక్ష్మమ్మ మొగుడికి చెప్పి కడుపుబ్బ నవ్వింది.

"మా గురమ్మేంది? నీ ఎదురింటామె గదా" అన్నాడు పుల్లయ్య. ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఇట్లా లాభం లేదని నాగలక్ష్మమ్మ మొగుడిని కర్నూలుకు తరిమి పెట్రోమాక్స్ లైటు తెప్పించింది. పొద్దుగూకగానే దాన్ని వాకిట్లో తగిలించి, అరుగు మీద చాప పరిపించింది. గురమ్మ గూట్లో వెలిగేది ఒక ఆముదపు దీపం. ఇక జనమంతా ఇటే అనుకుంది. జనం వచ్చారు కూడా. వాళ్ళ వెనకే సీమలోని పురుగులన్నీ వచ్చాయి. రెక్కల పురుగులు తలల్లో దూరాయి, రవికెల్లో దూరాయి, నోరు తెరిస్తే నోట్లో పడ్డాయి. కాసేపటికి ఒక్కొక్కరే లేచి, దులుపుకుంటూ, గురమ్మ అరుగు మీద మసక వెలుగులో చేరారు. పట్టపగలు లాంటి వెలుగులో నాగలక్ష్మమ్మ ఒక్కతే మిగిలింది.

అయినా పట్టు వదల్లేదు. తమ ఇంట్లోనూ చల్ల పోస్తారని చాటించింది. మూడు ఎనుముల చల్లాయె, మొదటి రోజే వాకిలి నిండింది. ఆ పూట నాగలక్ష్మమ్మ ముఖం చూడాలి! కడవ ముందు పెట్టుకుని, పేరుపేరునా పిలిచి, నలుగురికీ వినిపించేట్టు పోసింది. చంటిబిడ్డ తల్లి చెన్నమ్మ ఒక్కతే వెనకగా, కొంగు చాటున ఏదో పట్టుకుని నిలబడింది. వాళ్ళ మగ్గం ఆగిపోయి చాలా రోజులైందని అందరికీ తెలుసు.

"ఏం చెన్నమ్మా, చల్లకొచ్చి ముంత దాచుకుంటాండావే! బయటికి తీ తల్లీ, నేనేమన్నా మింగుతానా?" అంది నాగలక్ష్మమ్మ గట్టిగా.

సామెత చక్కగా అతికినందుకు అందరూ నవ్వారు. చెన్నమ్మ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కొంగు ఇంకా దగ్గరికి లాక్కుని, వీధి దాటి, గురమ్మ వాకిట్లోకి పోయింది. మర్నాడు నాగలక్ష్మమ్మ ఇంటికి సగం మందే వచ్చారు. వారం తిరిగేసరికి ఎవరూ రాలేదు. నేనేం తప్పు మాట అన్నానని నాగలక్ష్మమ్మ కుతకుతలాడింది. పోసేది నేను, పొగరు వాళ్ళకు! గురమ్మే ఏదో మందు పెట్టిందని కూడా అనుకుంది.

ఆ మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. మేత లేక ఊళ్ళో గొడ్లను నల్లమల అడవికి తోలారు. పుల్లయ్య మూడు ఎనుములూ మందలో కలిసి పోయాయి. గురమ్మ ఎనుము మాత్రం కదల్లేదు. చల్లకు వచ్చే ఆడవాళ్ళు వంక గట్లు గీకి, పిడికెడు గడ్డి కొంగున కట్టుకొచ్చి దాని ముందు వేసి పోయేవాళ్ళు. ఆ పిడికెళ్ళతోనే అది బతికింది, పాలూ ఇచ్చింది. మేడ మీద నుంచి ఆ గడ్డి పరకలను చూసి కూడా నాగలక్ష్మమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుంది.

సరిగ్గా ఆ ఎండల్లో పుల్లయ్యకు వడదెబ్బ తగిలింది. ఏది తాగినా వాంతి. నాడి చూసిన వైద్యుడు, పల్చటి చల్ల తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు, అది కడుపులో నిలిస్తేనే మనిషి నిలుస్తాడని చెప్పి పోయాడు. నాగలక్ష్మమ్మ ఇంట్లో బంగారముంది, బస్తాల జొన్నలున్నాయి, పెట్రోమాక్స్ ఉంది. చుక్క చల్ల లేదు.

తెల్లారింది. నాగలక్ష్మమ్మ ముంత తీసుకుంది. గడప దాటగానే, తనకు తెలియకుండానే, దాన్ని కొంగు కిందికి లాక్కుంది. అంత చిన్న వీధి ఎంతకూ తరగలేదు. మా ఎనుములు నల్లమలలో ఉన్నాయి గానీ లేకుంటే నాకేం ఖర్మ అని చెప్పాలని మాటలన్నీ కూర్చుకుంది. గురమ్మ వాకిట్లో అప్పటికే ఐదారుగురున్నారు. వాళ్ళలో చెన్నమ్మ ఉంది. చెన్నమ్మ చూపు నేరుగా తన కొంగు మీద పడింది. ఇప్పుడు ఆ సామెత తనకు తిప్పికొడితే అక్కడే భూమిలోకి దిగిపోవాలి.

"నాగలక్ష్మీ! దేవుడు పంపినట్టొచ్చినావు. ఆ దూడను పట్టుకోమ్మా, నా చేత కాలా. శానా చెడ్డదైపోయింది ముండ" అంది గురమ్మ.

నాగలక్ష్మమ్మ ముంతను అరుగు మీద పెట్టి దూడ వెనక పరుగెత్తింది. పట్టింది, లాగింది, గుంజకు కట్టింది. ముడి బిగిస్తుంటే చేతులాగిపోయాయి. ఆ పలుపును గురమ్మ విప్పడం తాను ఎన్నిసార్లు చూడలేదు! మతి చెడిందని ఎన్నిసార్లు నవ్వలేదు! వెనక్కి తిరిగి చూస్తే ముంత నిండా చల్ల ఉంది, పైన మోదుగాకు కప్పి ఉంది. గురమ్మ ఎటో తిరిగి ఎనుమును తిట్టుకుంటోంది. చెన్నమ్మ నేల చూపులు చూస్తోంది. ఎవరూ ఏమీ అడగలేదు. కూర్చుకొచ్చిన మాటలు ఒక్కటీ ఖర్చు కాలేదు.

"దూడను కట్టి పుణ్యం కట్టుకున్యావు, రేపు గూడా రామ్మా" అంది గురమ్మ.

ఇంటికి పోయేదాకా నాగలక్ష్మమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. గడప లోపల అడుగు పెట్టాక పాత కుళ్ళే రెట్టింపై లేచింది. మూడు ఎనుములున్న తనకు రాని తెలివి ఒక ఎనుము ఉన్నదానికి ఎట్లా వచ్చింది? అయినా పుల్లయ్య లేచి కూర్చునేదాకా ప్రతి పొద్దూ పోయి ఆ దూడను కట్టింది. పోయేటప్పుడు పిడికెడు గడ్డి కూడా పట్టుకుపోయింది.

వానలు పడ్డాయి, ఎనుములు అడవి దిగాయి. ఒకటి ఈనింది. మళ్ళీ ఇంట్లో కవ్వం చప్పుడు మొదలైన కొన్నాళ్ళకు, ఒక పొద్దున నాగలక్ష్మమ్మ అటూ ఇటూ చూసి తన దూడ పలుపు విప్పింది. గురమ్మ చేసిందే చేసింది. పాలు పిండకముందు చేసింది, అంతే! దూడ తల్లి పొదుగును ఖాళీ చేసి, మూతి నురగతో వీధిలోకి ఉరికింది.

"ఏ గుడ్డిముండ విప్పిందే దూడను?" అని చెంబు పట్టుకున్న పుల్లయ్య కేకలు.

కుచ్చెళ్ళు ఎగదోపుకుని నాగలక్ష్మమ్మ దూడ వెంట పడింది. మేడలో ఉండే మనిషి వీధిలో గస పెడుతుంటే, గురమ్మ ఇంటికి పోతున్న చెన్నమ్మ ఒక్క క్షణం చూసింది. కొంగు చాటు ముంతను తీసి నాగలక్ష్మమ్మ అరుగు మీద పెట్టి, దూడకు అడ్డం పోయి, మెడ పట్టి ఈడ్చుకొచ్చి కట్టేసింది. ఆ అరుగు తొక్కడం ఆనాటి తర్వాత అదే మొదలు.

నాగలక్ష్మమ్మ నాలుక దురద పెట్టింది. ఏం చెన్నమ్మా, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా అని పెదవుల దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి, నిన్నటి పాల చల్ల ముంత నిండా పోసి, గోడ వైపు తిరిగి దూడను తిట్టడం మొదలుపెట్టింది.

"వస్తా పెద్దమ్మా" అంది చెన్నమ్మ మెల్లగా.

వీధిలో ఎవరో ఆమెను అడిగారు: "ఏమ్మే, పొద్దున్నే యాడ పోయించుకున్యావు చల్ల?"

"ఈడే, గురమ్మ ఇంటి ఎదురింట్లో."

లోపల నాగలక్ష్మమ్మకు ఆ మాట వినపడింది. చల్లకవ్వం తీసి గోడకేసి కొట్టాలనిపించింది, కొట్టలేదు.

మర్నాడు మళ్ళీ దూడ పలుపు విప్పింది. ఈసారి పాలు పిండినాక విప్పింది.