దర్జీ లెక్కలో ఊపిరి

పెంపుడు జంతువులు మనకు ప్రేమ నేర్పుతాయంటారు. మా వీధి దర్జీకి అతని కుక్క నేర్పింది లెక్కపెట్టడం.

పదమూడేళ్ల ఆ కుక్కకు గుండె ఉబ్బింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. పశువుల డాక్టరమ్మ నీరు లాగే మాత్రలిచ్చి, అది నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో రోజూ చూడమంది. మాత్రలకు ఊపిరి నెమ్మదిస్తుందని, వారం తర్వాత కూడా ముప్పై దాటుతుంటే తీసుకురమ్మని చెప్పింది.

కుక్క పడక కుట్టుమిషన్ కిందే. అప్పట్నుంచి దర్జీ నాలుగు కుట్లు వేస్తాడు, మిషన్ ఆపుతాడు, వంగి దాని డొక్కలు చూస్తాడు. కాలర్లు వంకరపోతున్నాయి. పక్కన కాజాలు కుట్టే భార్య విసుక్కునేది. "నా మరిదిని కాస్త పడుకోనివ్వండి. మీ చూపుకే వాడికి ఆయాసం వచ్చేలా ఉంది." ఆ కుక్క ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆమెకు మరిదే.

అతను అరనిమిషమే లెక్కపెట్టి, బల్ల అంచున సుద్దతో అంకె వేసేవాడు. దర్జీల అలవాటది. కుట్టిన చొక్కాను బల్లమీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంకకు కొలిచి, ఛాతీ చుట్టుకొలతలో ఆ సగమే రాసుకుంటారు. రెట్టింపు చేసుకోవాలని ఎవరూ ఎవరికీ చెప్పరు. భార్యకూ తెలుసు, చొక్కాల విషయంలో.

వారం తిరిగిన సోమవారం ఆమె బల్ల మీది పద్దెనిమిదిని డాక్టరమ్మకు ఫోన్‌లో చెప్పింది. చాలా బాగుంది, మాత్ర తగ్గించండి అని జవాబొచ్చింది. దర్జీకి మింగుడుపడలేదు. కానీ ముప్పై ఆరని విని కూడా అంత చదువుకున్న మనిషి బాగుందంటే తానేం అంటాడు? చేతులు మాత్రం ఊరుకోలేదు, ఒకే చొక్కా చేతిని రెండుసార్లు విప్పి కుట్టాడు.

గురువారం మధ్యాహ్నం కుక్క పడుకోవడం మానేసింది. ముందుకాళ్లు ఎడంగా పెట్టి, కూర్చునే కునికిపాట్లు పడుతూ దగ్గుతోంది.

"సోమవారం ఎంతని చెప్పావు?"

"మీరు రాసిందే. పద్దెనిమిది."

"అది సగమే కదా."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. "ఊపిరిక్కూడా సగం కొలతేమిటండీ?"

ఎవరిదో కోటు గుడ్డ చుట్టి కుక్కను ఎత్తుకుని పరుగెత్తాడు. డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, జరిగింది విని, తగ్గించిన మాత్రను మళ్లీ పెంచింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

ఆదివారానికి కుక్క పక్కమీద ఒరిగి నిద్రపోయింది. దర్జీ గోడ గడియారం కిందికి దించి, ఎదురుగా పెట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది. సుద్దతో పెద్దగా రాసి, పక్కన ‘పూర్తి’ అని కూడా రాశాడు. నాలుగు కుట్లు వేశాడు. మళ్లీ వంగాడు.

"ఇప్పుడే చూశారుగా," అంది భార్య.

"అది అప్పటిది."