కొస తెగిన రెక్క

ధర్మవరంలో పట్టుచీరలకు గ్రాఫులు గీసే కదిరమ్మకు నోటిదురుసు ఎక్కువని పేరు. గళ్ల కాగితం మీద ఆమె నెమలి గీస్తే, ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కించేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని ఆగిపోయింది. "ఇంగ నీ పెన్సిలు పొయ్యిలో పెట్టుకోమ్మా" అన్నాడు సావుకారు చంద్రమోహన్. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. తన చేతి గీత మళ్లీ ఒక్క చీర మీదైనా కనబడాలని ఆరోజే పంతం పట్టింది.

అదే వీధిలో పెరిగి, ఇప్పుడు అనంతపురంలో రాళ్ల చదువు చెబుతున్న హరినాథ్ ఒకనాడు వచ్చి ఆమెను వెంటబెట్టుకుపోయాడు. గోదావరి దిక్కు రాతిలో దొరికిన పురుగు రెక్క అతని బల్ల మీద ఉంది. ట్రయాసిక్ కాలం నాటిదట, ఇరవై కోట్ల ఏళ్లు దాటిందట. అదెట్లా ఉందో లోకానికి చెప్పాలి. మాటలు అతనివి, బొమ్మ ఆమెది.

వేలిగోరంత రెక్క. భూతద్దం పెడితే రెక్క మొదలు దగ్గర ఈనెలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. పై అంచుది చీలకుండా తిన్నగా పోయింది. దాని కిందది నడుమ చీలి, చీలినది మళ్లీ చీలింది. వాటిని కలుపుతూ అడ్డంగా సన్న ఈనెలు, మధ్యలో గళ్లు.

"ఇది నా గ్రాఫే కదప్పా" అని నవ్వి గీసుకుంటూ పోయింది. కొస దగ్గర రాయి పగిలి రెక్క తెగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. సగం బుటా చూసి మిగతా సగం గీసేసే చెయ్యి అది.

"అక్కా, ఈడ ఈనె యాడుండాది?" అన్నాడు హరినాథ్.

"ఇంత దూరం వచ్చింది, ఆడ గూడా ఉండాల కదా."

"ఉండాల అంటే కుదరదక్కా. ఉండాదా, లేదా, అంతే. లేనిది గీస్తే అది మనం పుట్టించిన పురుగైతాది."

'ఉండాల'కూ 'ఉండాది'కీ ఒక్క అక్షరం తేడా. కదిరమ్మ ఆ గీతలు చెరిపేసింది.

ఇంటికొచ్చి, అదే రెక్కను తెగిన కొసతో సహా చీర కొంగుకు గ్రాఫు చేసింది. మగ్గం నేసే మొగుడు బాలప్ప తల పట్టుకున్నాడు.

"సావుకారు తిడతాడే. కొరికిన బుటా అంటాడు."

"అననీ. నువ్వు నెయ్యి."

తనకోసం దాచుకున్న పట్టు బయటికి తీసింది. పాత పద్ధతిలోనే అట్టలకు చిల్లులు కొట్టి బాలప్ప నేశాడు. చంద్రమోహన్ కొంగు విప్పి చూసి పక్కకు నెట్టాడు.

"ఏమ్మా, ఎలుకలు కొట్టినాయా? రెక్కన్నాక కొస ఉండాల."

"ఉండాల, నిజమే సావుకారూ. ఉండాదా అంటే లేదు."

"మా కంప్యూటరోడు నిమిషంలో నింపుతాడు. నింపి నేస్తే తీసుకుంటా. ఇట్లాంటివే నేస్తామంటే మీ మగ్గానికి పట్టు ఇచ్చేది లేదు."

బాలప్ప భయంగా పెళ్లాం ముఖం చూశాడు.

"ఇయ్యద్దులే. ధర్మవరంలో నువ్వొక్కడివేనా సావుకారు? అన్ని కోట్ల ఏండ్లు ఆ పురుగే కొస లేకుండా పడుండాది. నీకేమప్పా తొందర?"

మరునాడు కదిరమ్మ ఆ చీరే కట్టుకుని, పెళ్లి బేరాలవాళ్లు నిండుగా ఉన్నప్పుడు చంద్రమోహన్ అంగట్లో పోయి కూర్చుంది. ఒకామె కొంగు పట్టుకుని "ఇదేం రెక్కమ్మా, తెగినట్లుండాదే?" అంది.

"కొంగు లోపలికి మడుచుకోమ్మా" అన్నాడు చంద్రమోహన్ గొంతు తగ్గించి.

కదిరమ్మ కొంగును మోకాళ్ల మీద ఇంకా వెడల్పుగా పరిచి, ఆ తెగినచోట వేలుపెట్టి చెప్పడం మొదలుపెట్టింది.